ఒక్క డిస్క్ రాలేదని సర్వర్ మొత్తం ఎందుకు ఆగాలి?

లినక్స్ సర్వర్లు చూసుకునేవాళ్లకి ఈ స్క్రీన్ కొత్త కాదు. నల్లటి తెర మీద ఎర్రటి చుక్కలు అటూ ఇటూ తిరుగుతుంటాయి. పక్కన ‘ఎ స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్ ఫర్’ అని మొదలై ఏదో ఒక డిస్క్ యూయూఐడీ, అంటే ఆ డిస్క్‌కే ప్రత్యేకమైన గుర్తింపు సంఖ్య, బారెడు పొడవున ఉంటుంది. చివర్లో సెకన్ల లెక్క నడుస్తుంటుంది. 90 సెకన్లు గడిచాక కొన్ని మెషీన్లు ఏమీ జరగనట్టే పైకి వచ్చేస్తాయి. కొన్ని మాత్రం ‘యూ ఆర్ ఇన్ ఎమర్జెన్సీ మోడ్’ అని అక్కడే ఆగిపోతాయి. నెట్‌వర్క్ రాదు, దూరం నుంచి లాగిన్ అవ్వడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ రాదు, వెబ్ సర్వర్ రాదు. కారణం వెతికితే, ఎప్పుడో బ్యాకప్ కోసం తగిలించి ఆ తర్వాత పీకేసిన యూఎస్‌బీ డిస్క్ అని తేలుతుంది.

డిస్క్ కోసం ఎదురుచూడటాన్ని నేను తప్పుపట్టను. అది రాకపోతే మెషీన్ మొత్తాన్ని ఆపేయడమే తప్పంటాను. ఆగాల్సింది ఆ డిస్క్ మీద ఆధారపడ్డ సర్వీసు ఒక్కటే. ఈ పని చేసుకునే వీలు లినక్స్‌లో చాలా ఏళ్లుగా ఉంది. కానీ అది దానంతటది జరగదు, సర్వర్ చూసుకునే మనిషే రాసుకోవాలి. చాలాచోట్ల రాయడం లేదు. రాసినచోట కూడా సగమే రాసి, ఇంకా పెద్ద ప్రమాదం తెచ్చుకుంటున్నారు. ఆ సంగతి కిందకి వెళ్లేకొద్దీ చెబుతాను.

కంప్యూటర్ ఆన్ అయినప్పుడు ఏ పరికరాలు ఉన్నాయో ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయైన కెర్నల్‌కి వెంటనే తెలిసిపోతుందని చాలామంది అనుకుంటారు. ఒకప్పుడు కొంతవరకు అది నిజమే. పాత యూనిక్స్ మెషీన్లలో డిస్కులు బిగించి ఉండేవి. కెర్నల్ వాటిని ఒక వరుసలో పలకరించుకుంటూ వెళ్లేది. డెవ్ డైరెక్టరీలోని ఫైళ్లను ముందే తయారుచేసి పెట్టేవాళ్లు, డిస్క్ ఉన్నా లేకపోయినా దాని పేరుతో ఫైలు ఉండేది. ఏ డిస్క్ ఎక్కడ మౌంట్ కావాలో, అంటే ఏ డైరెక్టరీలో కనబడాలో రాసే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలు ఆ కాలానిదే. 1980 నాటి 4.0బీఎస్‌డీ అనే యూనిక్స్‌లో వచ్చిన ఫైలు వారసత్వమే ఇప్పటికీ మన సర్వర్లలో ఉంది. అందులో ఒక్కో లైనుకి ఆరు గళ్లు. ఏ డిస్క్, ఎక్కడ మౌంట్ చేయాలి, ఏ ఫైల్ సిస్టమ్, ఏ ఆప్షన్లు, డంప్ (బ్యాకప్) తీయాలా, డిస్క్‌ను పరీక్షించే ఎఫ్‌ఎస్‌సీకే ఏ వరుసలో నడవాలి. ఈ డిస్క్ ఎవరికి అవసరం అన్న గడి లేదు. అప్పట్లో ఆ అవసరం కూడా లేదు, ఎందుకంటే బిగించిన డిస్క్ కనబడలేదంటే అది పాడైనట్టే.

ఇప్పుడు ఒక యూఎస్‌బీ డిస్క్ ఎలా వస్తుందో చూడండి. హబ్ ఆ పోర్టుకి కరెంటు ఇస్తుంది. కనెక్షన్ నిలకడగా ఉందని నమ్మడానికి యూఎస్‌బీ ప్రమాణం ప్రకారం 100 మిల్లీసెకన్లు ఆగాలి. తర్వాత పరికరానికి ఒక చిరునామా ఇచ్చి, నువ్వేమిటని అడగాలి. అది డిస్క్ అని తెలిశాక యూఎస్‌బీ స్టోరేజ్ డ్రైవర్ ఇంకో సెకను ఆగుతుంది. ఒకప్పుడు ఇది 5 సెకన్లు ఉండేది. తిరిగే డిస్క్ అయితే పూర్తి వేగం అందుకోవడానికి మరికొన్ని సెకన్లు పడుతుంది. అప్పుడు పార్టిషన్ టేబుల్ చదువుతారు. కెర్నల్ నుంచి, వచ్చిన పరికరాలకి పేర్లు పెట్టే యూడెవ్ అనే ప్రోగ్రామ్‌కి కబురు వెళుతుంది. యూడెవ్ ఆ పార్టిషన్ లోపలికి చూసి యూయూఐడీ పట్టుకుని, ఆ పేరుతో ఒక లింకు తయారుచేస్తుంది. ఆ లింకు పుట్టిన తర్వాతే, బూట్‌లో సర్వీసులన్నీ లేపే సిస్టమ్‌డీ ‘సరే, ఈ డిస్క్ వచ్చింది’ అనుకుంటుంది. ఇదంతా జరుగుతుండగానే పక్కన ఇంకో డిస్క్, నెట్‌వర్క్ కార్డు, గ్రాఫిక్స్ కార్డు వేటి దారిన అవి వస్తుంటాయి. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది ఒక్కో బూట్‌లో ఒక్కో రకంగా ఉండొచ్చు.

ఈ మొత్తంలో లేని పరికరం గురించి ఎక్కడా కబురు రాదు. వచ్చినవాటి గురించే వస్తుంది. 20 సెకన్లు గడిచినా డిస్క్ కనబడలేదంటే, అది ఇంకా తిరగడం మొదలుపెడుతోందో, కేబుల్ ఊడిందో, అసలు ఆఫీసులోనే లేదో కెర్నల్ చెప్పలేదు. దీన్ని ఏ తెలివైన కోడూ పరిష్కరించలేదు, తెలుసుకోవడానికి కావాల్సిన సమాచారమే లేదు కాబట్టి.

అయినా చాలా ఏళ్లు అందరూ ‘పరికరాలన్నీ వచ్చేశాయా’ అనే అడుగుతూ వచ్చారు. 2003లో గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ మొదలుపెట్టిన యూడెవ్ వచ్చాక, పరికరాలు వచ్చినప్పుడల్లా డెవ్ డైరెక్టరీలో ఫైళ్లు పుట్టడం మొదలైంది. అది మంచి మార్పు. కానీ బూట్ స్క్రిప్టులకి ‘అన్నీ వచ్చేశాయి’ అనే క్షణం కావాలి కదా, దానికోసం యూడెవ్ సెటిల్ అనే కమాండ్ పెట్టుకున్నారు. క్యూలో ఉన్న కబుర్లన్నీ అయిపోయేదాకా అది ఆగుతుంది. క్యూ ఖాళీ అయిన మరుక్షణం ఇంకో డిస్క్ రావచ్చు, ఆ సంగతి దానికి తెలీదు. బూట్‌లో ఆ కమాండ్ నడిపే సర్వీసును వాడొద్దని సిస్టమ్‌డీ మాన్యువల్లోనే రాసి ఉంటుంది. హార్డ్‌వేర్ అంతా ఫలానా సమయానికి దొరికేసిందని ఎవరూ హామీ ఇవ్వలేరన్నది అక్కడ చెప్పిన కారణం. పెళ్లి భోజనాల దగ్గర నిలబడి చుట్టాలంతా వచ్చేశారా అని అడిగితే ఎవరు మాత్రం ఏం చెబుతారు? పెళ్లికొడుకు వచ్చాడా అంటే చెప్పగలరు. ఆపరేటింగ్ సిస్టమ్ అడగాల్సింది కూడా ఇలాంటి రెండో రకం ప్రశ్నే.

కెర్నల్ లోపలి డ్రైవర్లు కూడా ఈ మాట ఒప్పుకున్నాయి. ఫోన్లలో, రాస్ప్‌బెర్రీ పై లాంటి బోర్డుల్లో ఒక చిప్ పనిచేయాలంటే వేరే చిప్ కరెంటు ఇవ్వాలి, ఇంకోటి క్లాక్ ఇవ్వాలి. ఆ వరుసను ముందుగా రాసిపెట్టడం కుదరక, 2012లో లినక్స్ 3.4తో ఒక పద్ధతి తెచ్చారు. నాకు కావాల్సింది ఇంకా రాలేదు, తర్వాత పిలవండి అని డ్రైవరే చెప్పొచ్చు. ఎవరికి ఏం కావాలో వాళ్లే చెప్పడం అక్కడ మొదలైంది.

కెర్నల్ బయట ఆ మార్పును అంతకుముందే తెచ్చింది సిస్టమ్‌డీ. 2010లో లెనార్ట్ పోటరింగ్, కే సీవర్స్ మొదలుపెట్టారు. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లోని ఒక్కో లైనూ ఒక మౌంట్ యూనిట్ అవుతుంది, ఆ మౌంట్ ఫలానా డిస్క్ కోసం మాత్రమే ఎదురుచూస్తుంది. మిగతా పనులు పక్కన సాగిపోతుంటాయి. ఆ ప్రాజెక్టు మీద ఎన్ని విమర్శలున్నా, ఈ విషయంలో వాళ్ల ఆలోచన సరైనదని గట్టిగా నమ్ముతాను. పేరుపెట్టి ఎదురుచూడటం, ఎంతసేపో చెప్పి ఎదురుచూడటం అనే రెండూ బూట్‌ను చాలా నమ్మకమైన పనిగా మార్చాయి.

పేరు అన్నానుగానీ, అది సరైన పేరు అయితేనే లాభం. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అన్నవి వచ్చిన వరుసను బట్టి అంటించే పేర్లు. ఈ రోజు ఎస్‌డీబీ అయినది రేపు ఎస్‌డీసీ కావచ్చు. క్లౌడ్‌లోనూ ఇదే గొడవ. అమెజాన్ ఈసీ2 కొత్త తరం మెషీన్లలో మనం ఎస్‌డీఎఫ్ అని తగిలించిన డిస్క్ లోపల ఎన్‌వీఎంఈ1ఎన్1 లాంటి పేరుతో కనబడుతుంది, ఆ అంకె రీబూట్ తర్వాత మారొచ్చని వాళ్ల డాక్యుమెంట్లలోనే ఉంది. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో యూయూఐడీ గానీ లేబుల్ గానీ తప్ప ఇంకేదీ రాయకూడదు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

వాదన ఉన్నది డిస్క్ రాకపోయినప్పుడు ఏం చేయాలన్న దగ్గర. పాత పద్ధతిలో డెబియన్ లాంటివి మౌంట్ విఫలమైతే ఒక ఎర్రర్ చూపించి ముందుకు సాగిపోయేవి. సిస్టమ్‌డీ వచ్చాక మామూలుగా రాసిన ఏ లైను విఫలమైనా లోకల్ ఫైల్ సిస్టమ్‌ల దశ మొత్తం విఫలమైనట్టు లెక్క, అక్కడినుంచి నేరుగా ఎమర్జెన్సీ మోడ్. 2015లో డెబియన్ 8 వచ్చినప్పుడు రిలీజ్ నోట్స్‌లో దీని గురించి ప్రత్యేకంగా హెచ్చరించారు. తీసిపెట్టే డిస్కులకి, తప్పనిసరి కాని డిస్కులకి నోఆటో (బూట్‌లో మౌంట్ చేయొద్దు) గానీ నోఫెయిల్ (రాకపోయినా బూట్ ఆపొద్దు) గానీ పెట్టుకోండని చెప్పారు. ఆ నోట్స్ చదివినవాళ్లు ఎంతమంది?

నాకు తెలిసిన ఒక చిన్న ఆఫీసులో బిల్లింగ్ సర్వర్ ఉండేది. దానికి బ్యాకప్ కోసం ఒక యూఎస్‌బీ డిస్క్ తగిలించి, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో మామూలు లైను రాసిపెట్టారు. కొన్నాళ్లకి ఆ డిస్క్‌ను ఎవరో వేరే బ్రాంచికి పట్టుకెళ్లారు. సర్వర్ ఆగలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఒక రాత్రి కరెంటు పోయి, యూపీఎస్ కూడా అయిపోయి, తెల్లవారి కరెంటు వచ్చాక సర్వర్ ఆన్ అయింది. పొద్దున్నే ఫోన్. ‘సార్, లైటు వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది, బిల్లు మాత్రం రావట్లేదు.’ మానిటర్ లేదు, పక్క టేబుల్ మీదది తెచ్చి పెట్టించాను. తెర మీద ఉన్నది అక్షరం అక్షరం చదివించాను. రూట్ (అడ్మిన్) అకౌంట్ లాక్ అయి ఉంది కాబట్టి కన్సోల్ ఇవ్వలేను, ఎంటర్ నొక్కండి అని ఉంది. ఎంటర్ నొక్కితే మళ్లీ అదే. రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌లో, రూట్ పాస్‌వర్డ్ ఇవ్వకుండా ఇన్‌స్టాల్ చేసిన డెబియన్‌లో ఆ అకౌంట్ ఇలా లాక్ అయ్యే ఉంటుంది. బాగుచేయడానికి ఇచ్చిన మోడ్‌లోకి బాగుచేసే మనిషే వెళ్లలేడు. కంప్యూటర్లతో సంబంధం లేని ఆ అకౌంటెంట్ గారితో ఫోన్‌లోనే బూట్ మొదట్లో వచ్చే గ్రబ్ మెనూ తెరిపించి, కెర్నల్ లైను చివర మాటలు చేర్పించి, నానో ఎడిటర్లో ఆ ఒక్క లైను పనిచేయకుండా దాని ముందు హ్యాష్ గుర్తు పెట్టించేసరికి ఆయనకీ నాకూ చెమటలు పట్టాయి. బయట కౌంటర్ దగ్గర జనం నిలబడి ఉన్నారని ఆయన టెన్షన్. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కీ ఆ డిస్క్‌కీ ఏ సంబంధమూ లేదు. నాకు ఇప్పటికీ కోపం తెప్పించేది అదే.

అవతలి వాదన బలమైనదే, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో రాశావంటే కావాలనే కదా అర్థం, ఎవరికి కావాలో నువ్వు చెప్పలేదు, చెప్పనప్పుడు అందరికీ కావాలనుకోవడమే క్షేమం అంటారు. మారుతూ ఉండే డేటా దాచుకునే వార్ డైరెక్టరీ లేకుండా మెషీన్ పైకి వస్తే లాగ్‌లు, డేటాబేస్, మెయిల్ అన్నీ ఎక్కడ రాసుకోవాలో తెలియక గందరగోళం అవుతుంది. అది నిజం. అంతకంటే పెద్ద నిజం ఇంకోటుంది.

మౌంట్ పాయింట్ అన్నది మామూలు డైరెక్టరీయే. డిస్క్ మౌంట్ కాకపోతే అక్కడ ఖాళీ డైరెక్టరీ ఉంటుంది, రాస్తే రాసుకుంటుంది, ఎవరూ అడ్డుచెప్పరు. డేటాబేస్‌ను డాకర్‌లో, అంటే కంటైనర్ అనే వేరు చేసిన పెట్టెలో నడుపుతున్నారనుకోండి. డేటా డిస్క్ ఫలానా డైరెక్టరీలో మౌంట్ అయి ఉంటుంది, ఆ డైరెక్టరీని వి ఆప్షన్‌తో కంటైనర్‌కి ఇచ్చారు. ఇంటర్నెట్‌లో చదివి నోఫెయిల్ కూడా పెట్టారు. ఒక రోజు రీబూట్ అయింది, డిస్క్ రాలేదు. నోఫెయిల్ ఉంది కాబట్టి బూట్ ఆగలేదు. డాకర్ లేచింది, కంటైనర్‌ను లేపింది. లోపల పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ అధికారిక ఇమేజ్ చూసుకుంటే డేటా డైరెక్టరీ ఖాళీగా ఉంది. ఖాళీగా ఉంటే అది కొత్త డేటాబేస్ తయారుచేసుకుంటుంది, దాని పద్ధతే అంత. ఇప్పుడు సర్వర్ ఆరోగ్యంగా నడుస్తోంది, కస్టమర్ల డేటా ఒక్కటి కూడా లేదు. అప్లికేషన్ కొత్త రికార్డులు రాయడం మొదలుపెట్టింది, అవి ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న రూట్ డిస్క్ మీద పడుతున్నాయి. ఆ సాయంత్రం ఎవరో డిస్క్‌ను సరిచేసి, మౌంట్ చేసి, కంటైనర్‌ను మళ్లీ లేపితే పాత డేటా తిరిగొస్తుంది, పగలంతా రాసినవి దాని కింద కనబడకుండా పోతాయి. రెండింటినీ కలపడం అనే పని ఎవరికీ రాకూడదు.

నోఫెయిల్‌లో ఇంకో సంగతి చాలామందికి తెలీదు. అది ‘విఫలమైనా పర్లేదు’ అనడంతో ఆగదు, ‘దీనికోసం ఆగొద్దు’ అని కూడా చెబుతుంది. లోకల్ ఫైల్ సిస్టమ్‌ల దశకి ముందే ఈ మౌంట్ పూర్తవ్వాలన్న వరుస కూడా పోతుంది. అంటే డిస్క్ నిక్షేపంగా ఉండి నాలుగు సెకన్లు ఆలస్యంగా వచ్చినా, ఈలోగా లేచిన సర్వీసు ఖాళీ డైరెక్టరీనే చూస్తుంది. ఎమర్జెన్సీ మోడ్ బాధ తప్పించుకోవడానికి పెట్టిన ఒక్క మాట, ఆరోగ్యంగా ఉన్న మెషీన్‌లో కూడా డిస్క్ ముందా సర్వీసు ముందా అన్న పోటీ పరుగు తెచ్చిపెడుతుంది. ఏ ఫోరంలో చూసినా మొదటి జవాబు ‘నోఫెయిల్ పెట్టు’ అనే. అంతటితో ఆపేయడం నాకు భయం వేస్తుంది.

నోఫెయిల్ పెట్టాలి, దాంతోపాటు ఆ డిస్క్ వాడే ప్రతి సర్వీసుకీ రిక్వయర్స్‌మౌంట్స్‌ఫర్ అనే లైను రాయాలి. సర్వీసు యూనిట్‌కి ఒక డ్రాప్-ఇన్ ఫైలు (అసలు ఫైలును ముట్టుకోకుండా పక్కన చేర్చే చిన్న ఫైలు) పెట్టి, యూనిట్ భాగం కింద ఆ మాట, దాని ఎదురుగా డైరెక్టరీ దారి రాస్తే చాలు. ఆ దారికి కావాల్సిన మౌంట్ పూర్తయ్యేదాకా సర్వీసు ఆగుతుంది. మౌంట్ విఫలమైతే సర్వీసు లేవదు. ఎస్‌ఎస్‌హెచ్ లేస్తుంది, మానిటరింగ్ లేస్తుంది, మీకు అలర్ట్ వస్తుంది, ఇంట్లో కూర్చుని లాగిన్ అయి చూసుకోవచ్చు. పైన చెప్పిన డాకర్ కథలో డాకర్ సర్వీసుకే ఈ లైను పెట్టి ఉంటే ఆ ఖాళీ డేటాబేస్ పుట్టేది కాదు. డెబియన్ పోస్ట్‌గ్రెస్ ప్యాకేజీలోని యూనిట్ ఫైల్లో ఈ లైను ముందునుంచే ఉంది. ప్యాకేజీలు తయారుచేసే మిగతావాళ్లు కూడా ఇలాగే ఎందుకు చేయరో నాకు అర్థం కాదు.

ఎంతసేపు ఆగాలో కూడా మనమే చెప్పాలి. ఎక్స్-సిస్టమ్‌డీ.డివైస్-టైమౌట్ అనే ఆప్షన్ ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లోనే రాయొచ్చు. బ్యాకప్ డిస్క్‌కి 10 సెకన్లు చాలు. నిదానంగా ఒక్కో డిస్క్‌నే తిప్పుకుంటూ వచ్చే పెద్ద స్టోరేజ్ పెట్టెకి 90 సెకన్లు కూడా చాలకపోవచ్చు, పెంచాలి. అప్పుడప్పుడు మాత్రమే వాడే డిస్క్‌కి ఎక్స్-సిస్టమ్‌డీ.ఆటోమౌంట్ ఇంకా మంచిది, ఎవరైనా ఆ డైరెక్టరీని ముట్టుకున్నప్పుడే మౌంట్ చేస్తుంది.

ఇంకో రెండు జాగ్రత్తలు నేను ఎప్పుడూ పాటిస్తాను. డిస్క్ మౌంట్ కాని సమయంలో ఆ ఖాళీ డైరెక్టరీకి సీహెచ్‌ఏటీటీఆర్ కమాండ్‌తో, దీన్ని మార్చకూడదని చెప్పే ప్లస్ ఐ గుర్తు పెడతాను. అప్పుడు రూట్ కూడా అందులో కొత్త ఫైలు రాయలేడు, మౌంట్ మాత్రం మామూలుగా జరుగుతుంది. రెండోది, డేటా డైరెక్టరీని మౌంట్ పాయింట్ మీదే పెట్టను, లోపల ఇంకో డైరెక్టరీ చేసి అందులో పెడతాను. పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంట్లు కూడా ఇదే చెబుతాయి, డిస్క్ లేనప్పుడు స్పష్టంగా విఫలం కావడానికి. డైరెక్టరీ ఖాళీగా ఉండటం వేరు, అసలు లేకపోవడం వేరు. రెండోదాన్ని చూసి సాఫ్ట్‌వేర్ చాలావరకు అపార్థం చేసుకోదు.

ఆపరేటింగ్ సిస్టమే ఉండే రూట్ ఫైల్ సిస్టమ్ సంగతి వేరు, అది లేకుండా ముందుకు పోయేదేమీ లేదు కాబట్టి అక్కడ ఆగడం న్యాయమే. బూట్ మొదట్లో నడిచే చిన్న తాత్కాలిక సిస్టమ్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్, డెబియన్‌లో మామూలు పీసీల్లో 30 సెకన్లు చూసి, కమాండ్లు కొట్టుకోవడానికి బిజీబాక్స్ షెల్ ఇస్తుంది. రాస్ప్‌బెర్రీ పై బూట్ లైనులో రూట్‌వెయిట్ అని ఉంటుంది, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ లేకుండా బూట్ అయితే కెర్నల్ ఎస్‌డీ కార్డు కనబడేదాకా అలా చూస్తూనే ఉంటుంది. ఎక్కడో గోడకి బిగించిన చిన్న బోర్డుకి అదే సరైనది, కార్డు ఆలస్యంగా స్పందించినా ఎవరూ వెళ్లక్కర్లేదు.

ఒకే డేటాను రెండింటిలోనూ రాసే రెండు డిస్కుల అద్దం జత ఉన్నప్పుడు ఈ ప్రశ్న ఇంకా ముదురుతుంది. ఒకటే వచ్చింది, రెండోది రాలేదు. మొదలుపెట్టాలా, ఆగాలా? ఇలాంటి జతలను నడిపే ఎండీఏడీఎం దీనికి చక్కటి జవాబు చెబుతుంది. నడపడానికి సరిపడా డిస్కులు వచ్చాక 30 సెకన్ల టైమర్ పెడుతుంది, ఆలోపు మిగతావి రాకపోతే ఉన్నవాటితోనే మొదలుపెడుతుంది. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో మాత్రం అన్ని డిస్కులూ వస్తేనే యూడెవ్ ‘సిద్ధం’ అంటుంది. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో డిగ్రేడెడ్ (ఉన్న డిస్కులతోనే నడువు) అని రాసుకున్నా, మౌంట్ దాకా విషయం రానే రాదు. డిస్క్ పోయినా నడవాలని రెండు డిస్కులు కొన్న మనిషికి, డిస్క్ పోయిన రోజున రీబూట్ చేస్తే మెషీన్ రాదు. జాగ్రత్త కోసమే అలా పెట్టారని తెలుసు. సగం డిస్కులతో మౌంట్ చేసి రాస్తే తర్వాత రెండు భాగాలు వేర్వేరు దారుల్లో పోయే ప్రమాదముంది. కానీ ఆ నిర్ణయం డిస్కుల యజమానికి వదలాలి, ఎండీఏడీఎం లాగే కొంతసేపు ఆగి ముందుకు పోవడానికి ఒక సులువైన దారి ఉండాలి.

నెట్‌వర్క్ మీద కూడా ఇదే వాదన నడుస్తుంది, కొద్దిగా చెప్పి వదిలేస్తాను. ఏదో ఒక సర్వీసు ‘నెట్‌వర్క్ ఆన్‌లైన్’ కావాలని అడిగిందంటే, నెట్‌వర్క్‌ను సిస్టమ్‌డీ నెట్‌వర్క్‌డీ చూసుకునే మెషీన్‌లో బూట్ 120 సెకన్ల దాకా ఆగొచ్చు. కేబుల్ పెట్టని రెండో పోర్టు కోసం రెండు నిమిషాలు ఆగే సర్వర్లు చాలా చూశాను. ఆ పోర్టు అవసరం లేదని నెట్‌వర్క్ సెట్టింగులుండే నెట్‌ప్లాన్‌లో ఆప్షనల్ అని ఒక మాట రాస్తే పోయేదానికి.

హైదరాబాద్‌లో అమీర్‌పేట చుట్టుపక్కల లినక్స్ అడ్మిన్ కోర్సు నేర్చుకున్నవాళ్లు వేలల్లో ఉంటారు. రెడ్ హ్యాట్ వాళ్ల ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్షలో చేసిన పనులన్నీ రీబూట్ తర్వాత కూడా నిలబడాలి, అందుకే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ రాశాక మౌంట్ మైనస్ ఏ కొట్టి చూడమని, ఆ తర్వాత రీబూట్ చేసి చూడమని నేర్పుతారు. మంచి అలవాటే. కానీ అది డిస్క్ ఉన్నప్పుడు ఏమవుతుందో మాత్రమే చూపిస్తుంది. నేర్పేవాళ్లు ఇంకో అభ్యాసం చేర్చాలని నా కోరిక. వర్చువల్ మెషీన్‌లోంచి ఆ రెండో డిస్క్‌ను తీసేయించండి, రీబూట్ చేయించండి. ఎస్‌ఎస్‌హెచ్‌తో లాగిన్ కాగలిగారా, డేటాబేస్ సర్వీసు లేవకుండా ఆగిందా, లాగ్‌లో కారణం కనబడుతోందా అని మూడూ చూపించమనండి. ఉద్యోగంలో ఉన్నవాళ్లు కూడా కొత్త సర్వర్‌ను జనానికి ఇచ్చేముందు, పక్కనే మానిటర్ ఉన్న రోజున, ఒకసారి కేబుల్ పీకి ఇదే చేయొచ్చు. అరగంట పని.